బక్క పిల్ల, బొద్దు పిల్లాడు

జూన్ నెల. బడులు తెరిచే రోజులు. అమ్మ పెట్టెలోంచి పోయినేటి గౌను తీసింది. కూతురికి తొడిగి చూసింది. గౌను సరిపోయింది. చేతులు పొట్టి కాలేదు. నడుము బిగువు కాలేదు. "పోనీలే, ఈ ఏడు కుట్టుకూలి మిగిలింది" అనుకుంది అమ్మ.

కుట్టుకూలి మిగిలింది, నిజమే. మరి పిల్ల ఎందుకు పెరగలేదు?

అయిదేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్ల పొడుగు పెరగాలి. అంటే సుమారు రెండు అంగుళాలు. బరువు ఏడాదికి 2 నుంచి 3 కిలోలు పెరగాలి. ఆడపిల్లలు పది పదకొండేళ్లకు, మగపిల్లలు పన్నెండు పదమూడేళ్లకు ఒక్కసారిగా సాగుతారు. అప్పుడు ఏడాదికి 8 సెంటీమీటర్లు కూడా పెరుగుతారు. ఏడాది గడిచినా పాత గౌను సరిగ్గా సరిపోయిందంటే ఒకసారి ఆలోచించాలి. ముందే వదులుగా కుట్టించి ఉంటే అది వేరే సంగతి.

చిన్నప్పుడు అంగన్‌వాడీలో పిల్లల్ని తూచేవాళ్లు. బరువు కార్డులో చుక్క పెట్టేవాళ్లు. చుక్క కిందికి జారితే అమ్మను పిలిచి చెప్పేవాళ్లు. బడిలో చేరాక ఆ చూపు తగ్గిపోతుంది. హాజరు రాస్తారు. మార్కులు రాస్తారు. మార్కులు తగ్గితే ఇంట్లో అందరూ అడుగుతారు. బరువు తగ్గితే అడిగేవాళ్లు ఉండరు. 2013 నుంచి ప్రభుత్వ బడులకు డాక్టర్ల బృందం వచ్చి పిల్లల్ని పరీక్ష చేసే పథకం ఉంది. వాళ్లు ఎత్తూ బరువూ చూస్తారు. ఆ కాగితం ఏమైందని అడిగే తల్లులు మాత్రం తక్కువ.

ఒకే ఇల్లు, ఇద్దరు పిల్లలు

ఒక ఇల్లు ఉందనుకుందాం. ఇద్దరు తోడికోడళ్లు. పెద్దకోడలికి పదేళ్ల కూతురు. చిన్నకోడలికి పదేళ్ల కొడుకు. ఇద్దరూ అయిదో తరగతి. పిల్ల సన్నగా పుల్లలా ఉంటుంది. పిల్లాడు బొద్దుగా ఉంటాడు.

ఇలాంటి ఇంట్లో నాయనమ్మ ఏమంటుందో అందరికీ తెలుసు.

"మా మనవడు చూడు, ముద్దబంతి పువ్వులా ఉన్నాడు. ఈ పిల్లకి ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. దాని తీరే అంత."

ఆ రోజు నర్సమ్మ ఆ ఇంటికి వచ్చింది. ఇద్దర్నీ తూచింది. ఎత్తు కొలిచింది. కాగితం మీద ఏవో లెక్కలు వేసింది.

"ఇద్దరిదీ ఒకటే జబ్బు, పెద్దమ్మా" అంది.

"ఒకటే ఎట్టా అవుతుందమ్మా? వాడు గుండ్రాయి. ఇది చీపురుపుల్ల."

"ఇద్దరికీ సరైన తిండి లేదు."

నాయనమ్మకు కోపం వచ్చింది. తన ఇంట్లో తిండికి లోటని ఎవరూ అనలేదు ఇంతవరకు. నర్సమ్మ మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరు ఏం తిన్నారో అడిగి తెలుసుకుంది.

పిల్ల పొద్దున టీ తాగి రెండు బిస్కెట్లు తింది. మధ్యాహ్నం బడిలో అన్నం తింది. సాయంత్రం వచ్చి అంట్లు తోమింది. రాత్రి అందరూ తిన్నాక చారూ, పచ్చడీ వేసుకుని తింది. కూర అప్పటికే అయిపోయింది.

పిల్లాడు పొద్దున టీలో బన్ను ముంచుకుని తిన్నాడు. బడి గేటు దగ్గర అయిదు రూపాయల పొట్లం కొన్నాడు. బడి అన్నం సగం పారేశాడు. సాయంత్రం తాతయ్య కూల్‌డ్రింకు ఇప్పించాడు. రాత్రి ఫోను చూస్తూ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. కూర పక్కకు నెట్టేశాడు.

పిల్ల కంచంలో పప్పు లేదు, ఆకుకూర లేదు, గుడ్డు లేదు, పండు లేదు. పిల్లాడి కంచంలోనూ అవే లేవు. ఒకరికి తిండి చాలలేదు. ఒకరికి పనికిరాని తిండి ఎక్కువైంది. ఎదిగే ఒంటికి కావలసింది ఇద్దరికీ అందలేదు.

లెక్క వేసి చూద్దాం

కంటితో చూసి బక్క, లావు అని చెప్పడం కష్టం. ఊళ్లో పిల్లలందరూ సన్నగా ఉంటే సన్నమే మామూలు అనిపిస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లాడిని చూసి అందరూ ముద్దు చేస్తారు. బరువు ఒక్కటే చూసినా చాలదు. పొడుగు పిల్లకు బరువు ఎక్కువ ఉండాలి, పొట్టి పిల్లకు తక్కువ ఉండాలి. అందుకే ఎత్తునూ బరువునూ కలిపి చూస్తారు. ఆ లెక్కను డాక్టర్లు బీఎంఐ అంటారు.

ఎత్తు కొలవాలంటే పిల్లను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టాలి. మడమలు, పిర్రలు, వీపు గోడకు తగలాలి. తల మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి, అది గోడను తాకిన చోట గీత గీయాలి. నేల నుంచి గీత దాకా టేపుతో కొలవాలి. బరువు ఎప్పుడూ ఒకే కాటా మీద చూస్తే మంచిది. ఒక్కో కాటా ఒక్కో రకంగా చూపిస్తుంది.

పిల్ల ఎత్తు 130 సెంటీమీటర్లు. అంటే 1.3 మీటర్లు. దాన్ని దానితోనే గుణించాలి. 1.3 ని 1.3 తో గుణిస్తే 1.69. పిల్ల బరువు 21 కిలోలు. 21 ని 1.69 తో భాగిస్తే 12.4 వచ్చింది.

పిల్లాడి ఎత్తు 140 సెంటీమీటర్లు. 1.4 ని 1.4 తో గుణిస్తే 1.96. బరువు 43 కిలోలు. 43 ని 1.96 తో భాగిస్తే 21.9 వచ్చింది.

ఈ అంకెలకు అర్థం ఏమిటి? పెద్దవాళ్లకైతే ఒకే కొలత సరిపోతుంది. పిల్లలకు వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి కొలత మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో అయిదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల దాకా పట్టికలు తయారుచేసింది. ఆ పట్టిక ప్రకారం పదేళ్లు నిండిన ఆడపిల్లకు 13.5 కన్నా తగ్గితే బక్క. పదేళ్ల మగపిల్లాడికి 18.5 దాటితే బరువు ఎక్కువ. 21.4 దాటితే ఊబకాయం. ఈ ఇంట్లో పిల్ల గీత కింద ఉంది. పిల్లాడు రెండో గీత కూడా దాటాడు.

పిల్ల గీత పైకి రావాలంటే ఆ ఎత్తుకు ఇంకో రెండు కిలోలు చాలు. రెండు కిలోలు పెద్ద బరువేమీ కాదు. పిల్లాడు 36 కిలోలు దాటకుండా ఉండాల్సింది. భాగహారం రాకపోతే బడిలో చదివే పెద్దపిల్లలతో వేయించుకోవచ్చు. పట్టిక నర్సమ్మ దగ్గరో, ఆసుపత్రిలోనో దొరుకుతుంది.

ఇది ఒక ఇంటి సంగతి కాదు

2016 నుంచి 2018 వరకు దేశమంతటా పిల్లల పోషణ మీద పెద్ద సర్వే జరిగింది. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో నూటికి 23 మంది బక్కగా ఉన్నారు. నూటికి 22 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. బరువు ఎక్కువున్న వాళ్లు నూటికి నలుగురు. పది దాటిన పిల్లల్లో నూటికి 24 మంది బక్కగా, అయిదుగురు బరువు ఎక్కువగా ఉన్నారు. ఇంకో సంగతి కూడా ఆ సర్వేలో బయటపడింది. బడి వయసు పిల్లల్లో నూటికి పది మంది రక్తంలో చక్కెర ఉండాల్సిన దాని కన్నా ఎక్కువగా ఉంది. షుగరు జబ్బు వచ్చే ముందు మెట్టు అది. వాళ్లంతా లావు పిల్లలే కాదు.

ప్రపంచం మొత్తం చూస్తే లెక్క తిరగబడింది. 2000లో బడి వయసు పిల్లల్లో నూటికి దాదాపు 13 మంది బక్కగా ఉండేవాళ్లు. ఊబకాయం ఉన్నవాళ్లు ముగ్గురే. 2025లో యునిసెఫ్ ఇచ్చిన లెక్కలో బక్కవాళ్లు 9.2 కి తగ్గారు. ఊబకాయులు 9.4 కి పెరిగారు. మన దేశం ఉన్న దక్షిణాసియాలో మాత్రం ఇంకా బక్క పిల్లలే ఎక్కువ. అలాగని ఆ పొట్లాలు ఇక్కడికి రాలేదా? ఏ పల్లెకు వెళ్లినా దుకాణం ముందు దండల్లా వేలాడుతున్నాయి.

పిల్ల ఎందుకు చిక్కింది?

పొద్దున ఖాళీ కడుపుతో బడికి పోవడం మొదటి కారణం. అమ్మ కూలికి పొద్దున్నే పోవాలి. వండే వేళ ఉండదు. టీ, బిస్కెట్లతో సరిపెడతారు. టీ ఆకలిని చంపుతుంది. అన్నంలో, ఆకుకూరలో ఉండే ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. వెనకటి రోజుల్లో చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తినేవాళ్లు. బిస్కెట్ల కన్నా అది ఎంతో మేలు. దాన్ని పేదతనం అని పిల్లలు సిగ్గుపడుతున్నారు. ఆ సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందో!

రెండోది, కంచం నిండా తెల్లన్నమే ఉండటం. ఇదివరకు చాలా జిల్లాల్లో జొన్న రొట్టె, రాగి సంగటి, కొర్రన్నం తినేవాళ్లు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగింది. అది చిన్న మేలు కాదు. కానీ మెల్లగా రాగులు, జొన్నలు పొలం నుంచీ పోయాయి, కంచం నుంచీ పోయాయి. బియ్యంలో కన్నా రాగుల్లో సున్నం ముప్పై రెట్లకు పైగా ఎక్కువ. ఎముకలు గట్టిపడేది దానితోనే. ఇప్పుడు అదే రాగి పిండిని పట్నంలో షుగరు రోగులు వెతుక్కుని కొంటున్నారు.

మూడోది నులిపురుగులు. పిల్ల తిన్నది పురుగులు తింటాయి. కొంకి పురుగులు మట్టిలోంచి ఉత్త కాళ్లలోకి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. పిల్ల పాలిపోతుంది. 2015 నుంచి ఏటా ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర ఇస్తున్నారు. చాలాచోట్ల ఆగస్టులో ఇంకోసారి ఇస్తారు. ఏడాది నిండిన దగ్గర్నుంచి 19 ఏళ్ల దాకా అందరికీ. మాత్రను నమిలి మింగాలి. ఆ రోజు పిల్లను ఇంట్లో ఉంచేస్తే మాత్ర తప్పిపోతుంది. మాత్ర ఒక్కటే చాలదు. మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడగాలి. కాళ్లకు చెప్పులు ఉండాలి.

నాలుగోది ఎవరూ పైకి చెప్పనిది. ఇంట్లో ఎవరు ముందు తింటారు? ఎవరు చివర తింటారు? మగవాళ్లు ముందు. మగపిల్లలు వాళ్లతో పాటు. తర్వాత అత్త. చివర కోడలు, కూతురు. గిన్నె అడుగున మిగిలింది వాళ్లది. గుడ్లు నాలుగే ఉంటే కూతురి వంతు రాదు. "ఆడపిల్ల ఎంత తింటుందిలే" అంటారు. ఎంత తింటుందో పెట్టి చూసినవాళ్లు తక్కువ. ఇది ఎవరో చెడ్డవాళ్లు చేసిన పని కాదు. అమ్మకు వాళ్లమ్మ అలాగే పెట్టింది. అమ్మ కూడా చివరే తింటుంది. కూతురు అమ్మను చూసి నేర్చుకుంటుంది.

పది పన్నెండేళ్లకు ఆడపిల్ల ఒళ్లు వేగంగా ఎదుగుతుంది. నెలసరి మొదలైతే నెల నెలా రక్తం పోతుంది. సరిగ్గా అప్పుడే ఆమెకు తిండి ఎక్కువ కావాలి. అప్పుడే ఇంటి చాకిరీ కూడా ఎక్కువవుతుంది. పైన చెప్పిన సర్వేలో పది దాటిన ఆడపిల్లల్లో నూటికి 40 మందికి రక్తం తక్కువ. మగపిల్లల్లో 18 మందికే. అన్నం ఉండే కుండ ఒకటే. మరి ఇంత తేడా ఎందుకు వచ్చిందో ఏ తల్లికైనా తెలుస్తుంది.

రక్తం తక్కువైన పిల్ల బడిలో కునుకుతుంది. చదివింది గుర్తుండదు. "మొద్దు" అంటారు. మొద్దు కాదు, రక్తం లేదు. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు గులాబి రంగు మాత్ర, పది దాటిన వాళ్లకు నీలం రంగు మాత్ర వారానికి ఒకటి బడిలోనే ఇస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పదు. నిమ్మకాయో, ఉసిరికాయో, జామపండో తింటే ఇనుము బాగా పడుతుంది.

పిల్లాడు ఎందుకు లావయ్యాడు?

లావైన పిల్లలు డబ్బున్న ఇళ్లలోనే ఉంటారనుకుంటారు. ఇప్పుడు అలా లేదు. అరటిపండు కన్నా పొట్లం తేలిగ్గా దొరుకుతుంది. ఏడ్చే పిల్లాడి చేతిలో పొట్లం పెడితే ఏడుపు ఆగుతుంది. పనికి పోయే అమ్మకు అదొక ఊరట. ఆ అమ్మను తప్పు పట్టి లాభం లేదు.

పొట్లంలో ఏముంటుంది? పిండి, నూనె, ఉప్పు. తీపి పొట్లమైతే మైదా, చక్కెర, కొవ్వు. కడుపు నిండదు, నోరు మాత్రం ఊరుతుంది. అందుకే ఒకటి అయ్యాక ఇంకోటి కావాలనిపిస్తుంది. కోలా పానీయం 250 మిల్లీలీటర్లు తాగితే 26 గ్రాముల దాకా చక్కెర కడుపులోకి పోతుంది. చిన్న చెంచాతో ఆరు చెంచాల పైమాటే. రోజంతా కలిపి పిల్లలకు అంత చక్కెర చాలంటారు డాక్టర్లు. అది ఒక్క గుటకలో అయిపోయింది.

ఆట పోయింది. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు గంటసేపైనా ఒళ్లు అలిసేలా ఆడాలి. కబడ్డీ, తొక్కుడుబిళ్ల, తాడాట, ఏదైనా సరే. బడి వదలగానే ట్యూషను, ట్యూషను అవ్వగానే ఫోను. కొన్ని బడుల్లో అసలు ఆటస్థలమే లేదు. ఆడపిల్లల్ని పదేళ్లకే ఆట మాన్పిస్తారు. రాత్రి పొద్దుపోయేదాకా ఫోను చూస్తే నిద్ర చాలదు. నిద్ర చాలని పిల్లలకు ఆకలి ఎక్కువ వేస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తొమ్మిది గంటలైనా నిద్ర కావాలి.

ఒక గుర్తు తల్లులు తప్పక తెలుసుకోవాలి. లావైన పిల్లాడి మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా అవుతుంది. మురికి అనుకుని అమ్మ పీచుతో రుద్దుతుంది. పిల్లాడు ఏడుస్తాడు. నలుపు పోదు. అది మురికి కాదు. ఒంట్లో చక్కెరను అదుపు చేసే పని కష్టమైపోతోందని చర్మం చెబుతోంది. ఆ నలుపు కనిపిస్తే రుద్దడం మాని ఆసుపత్రిలో చూపించాలి. షుగరు, బీపీ, కాలేయానికి కొవ్వు పట్టడం ఇప్పుడు బడి పిల్లల్లోనూ చూస్తున్నారు. మోకాళ్ల నొప్పులు వస్తాయి. రాత్రి గురక పెడతారు. ఇంకో వింత ఏమిటంటే, లావుగా ఉన్న పిల్లలకూ రక్తం తక్కువ ఉండొచ్చు. ఒళ్లు ఉంది, సత్తువ లేదు.

రెండు కంచాలు, ఒకే వంట

నర్సమ్మ రెండు రకాల వంట చెప్పలేదు. ఒకే వంట చెప్పింది.

"మరి వాడికి అన్నం మానిపించాలా అమ్మా?" అని చిన్నకోడలు అడిగింది.

"వద్దమ్మా. ఎదిగే పిల్లాడిని పస్తు పెట్టకూడదు. పొట్లం, కూల్‌డ్రింకు మానిపించు. కూర ముందు పెట్టు, అన్నం తర్వాత పెట్టు. బరువు తగ్గించాలని తొందర వద్దు. పెరగకుండా చూస్తే చాలు. ఎత్తు పెరుగుతాడు కదా, బరువు దానంతట అదే సరిపడుతుంది."

"మా పిల్లకి బలం పొడి డబ్బా కొననా?" అని పెద్దకోడలు అడిగింది.

"డబ్బా ధర ఎంత? ఆ డబ్బుకి ఎన్ని గుడ్లు వస్తాయో, ఎన్ని వేరుశనగ పప్పులు వస్తాయో లెక్క వెయ్యి. చాలా డబ్బాల్లో ఎక్కువగా ఉండేది చక్కెరే."

గుడ్డులో మాంసకృత్తులు ఆరు గ్రాములు ఉంటాయి. పావుకిలో వేరుశనగ పప్పులో 60 గ్రాముల దాకా ఉంటాయి. పెసలు, శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేస్తే రెండు గుప్పెళ్లు సాయంత్రానికి సరిపోతాయి. పొద్దున రాగి జావ. పప్పులో మునగాకో, తోటకూరో. పెరట్లో మునగ చెట్టు ఉన్న ఇంట్లో ఆకును పారేసి కాయను మాత్రమే వండుతారు. ఆకులోనే ఇనుము, సున్నం ఎక్కువ. జామ, బొప్పాయి, రేగు, సీతాఫలం కాలాన్ని బట్టి దొరుకుతాయి.

తేడా కొలతలో ఉంటుంది. బక్క పిల్లకు పప్పులో చెంచా నూనె గానీ నెయ్యి గానీ ఎక్కువ వెయ్యాలి. రోజుకు మూడుసార్లు కాకుండా అయిదుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. బొద్దు పిల్లాడికి వేపుడు తగ్గించి అదే కూర పులుసుగా పెట్టాలి. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకేసారి పెట్టాలి. "ఒరే బండోడా", "ఏమే పుల్ల" అని పిలవకూడదు. ఆ పేర్లతో పిల్లలు కుంగిపోతారు. దొంగచాటుగా తింటారు, లేకపోతే తిండి మీదే విసుగు పడతారు.

బడి అన్నం

దేశంలో మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. మొదట్లో చాలా రాష్ట్రాల్లో బియ్యం ఇచ్చి ఊరుకునేవాళ్లు. వండి పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి వండి పెడుతున్నారు. చాలా ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లే వంట చేస్తున్నారు.

ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. దీనికి తోడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వారంలో కొన్ని రోజులు గుడ్డు ఇస్తారు. ఈ అంకెలు తెలిసిన అమ్మ బడికి వెళ్లి చూస్తే పప్పు నీళ్లగా ఉందో చిక్కగా ఉందో పట్టేస్తుంది. వంద మంది పిల్లలు తింటే రెండు కిలోల పప్పు ఉడకాలి. లెక్క అంతే.

అడిగే హక్కు ఉందా? ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలాచోట్ల ఆడవాళ్ల పేర్లు కాగితం మీద ఉంటాయి, సమావేశానికి భర్తలు వెళ్తారు. సంతకం చెయ్యడం వచ్చిన అమ్మ తానే వెళ్లొచ్చు. వండే ఆడవాళ్ల మీద విరుచుకుపడటం సరి కాదు. సరుకు సరిగా రాకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ముందు సరుకు సంగతి అడగాలి.

బడి గేటు ముందు దుకాణం

ఆహార భద్రతా సంస్థ 2020లో ఒక నిబంధన తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడిలోపల అమ్మకూడదు. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కూడా అమ్మకూడదు. 50 మీటర్లంటే పెద్దవాళ్ల అడుగులు డెబ్బై దాకా. గేటు దగ్గర నిలబడి అడుగులు లెక్కపెడితే తెలిసిపోతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు పాఠం మీద మాట్లాడుకుని సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పొట్లాల దుకాణం సారా దుకాణం లాంటిది కాదు. దాన్ని నడిపేది చాలాసార్లు ఆ ఊరి పేద ఆడమనిషే. ఆమె పొట్ట కొట్టక్కర్లేదు. వేరుశనగ చిక్కీ, ఉడకబెట్టిన శనగలు, జామకాయలు, తేగలు అమ్మమని అడగొచ్చు. కొనేది అవే అయితే అమ్మేదీ అవే అవుతుంది.

పొట్లం వెనక చదవడం కూడా నేర్చుకోవాలి. అక్కడ అక్షరాలు చాలావరకు ఇంగ్లీషువి. అంకెలు మాత్రం చదవొచ్చు. పదార్థాల వరసలో ముందు రాసింది పొట్లంలో అన్నిటి కన్నా ఎక్కువ ఉన్నది. చక్కెర అన్న మాట ఎక్కడుందో బడి పిల్లను అడిగితే చూపిస్తుంది. దాని ఎదురుగా 100 గ్రాములకు ఎన్ని గ్రాములో ఉంటుంది. నాలుగుతో భాగిస్తే ఎన్ని చెంచాలో వస్తుంది. 40 అని ఉంటే పది చెంచాలు. పిల్లతోనే చదివిస్తే ఇంకా మంచిది.

ఎప్పుడు ఆసుపత్రికి?

కొన్ని గుర్తులు కనిపిస్తే తిండి మార్చి చూద్దాం అని ఆగకూడదు. పిల్ల ఉన్నట్టుండి చిక్కిపోతూ, ఎక్కువ దాహం వేసి, మాటిమాటికీ ఒంటేలుకు పోతుంటే వెంటనే రక్తంలో చక్కెర చూపించాలి. అది చిన్నపిల్లలకు వచ్చే షుగరు కావచ్చు. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. కనురెప్ప లోపల, నాలుక, గోళ్లు తెల్లగా పాలిపోతే రక్త పరీక్ష కావాలి. కాళ్లు, ముఖం ఉబ్బితే అది ఒళ్లు చేయడం కాదు, వాపు. లావు పిల్లాడు నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేస్తుంటే అదీ చూపించాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఎత్తూ బరువూ తారీఖు వేసి రాసిన కాగితం వెంట తీసుకెళ్లాలి. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి రాసి పెట్టుకుంటే చాలు. "ఆరు నెలల కిందట బరువు ఎంత ఉందమ్మా?" అని డాక్టరు తప్పకుండా అడుగుతారు.